కాజా లేని గుండీలు

దర్జీ కొట్టులో వెనక కిటికీ పక్కన కూర్చుని కాజాలు కుట్టే ఆవిడ పనితనం ఆ వీధి వీధంతటికీ తెలుసు. చొక్కాకి ఏడు కాజాలు, ఏడు గుండీలు, రోజుకి పది పన్నెండు చొక్కాలు. సూది గుడ్డలో మునిగి తేలుతుంటే మాస్టారు కూడా ఒక్కోసారి కత్తెర ఆపి చూసేవాడు.

"మిషను కాజా ఎందుకమ్మాయ్, నీ కాజాలో గుండీ దూరిందంటే అత్తారింట్లో అల్లుడే. వెళ్ళమన్నా వెళ్ళదు," అనేవాడు.

ఆవిడ నవ్వేది కాదు. చేతులు కుడుతుంటే మనసు ఇంకెక్కడో తిరిగేది. బడిలో పిల్ల మెట్ల మీద పడిందేమో, నీళ్ళసీసా మూత మింగిందేమో, ఎవరో తోశారేమో. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆవిడ కీడు దగ్గరే ఆగిపోయేది. మేలు దాకా వచ్చే తీరిక దొరికేది కాదు.

ఆ పిల్ల ఏడో నెలలోనే పుట్టింది. అరచేతిలో పట్టేంత ఉందని చూసినవాళ్ళంతా పిట్ట అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. ఆసుపత్రిలో నలభై రోజులు గాజు పెట్టెలో పడుకోబెట్టారు. తాకకూడదన్నారు. అద్దానికి ఇవతల నిలబడి తల్లి చేతులు పిసుక్కుంటూ నలభై రోజులు చూసింది. ఇప్పుడు పిట్టకి ఐదున్నరేళ్ళు. తోటిపిల్లల కంటే కాస్త ఎత్తుగానే ఉంది. పరిగెడితే తండ్రికి కూడా చిక్కదు. కానీ తల్లి చేతులకి మాత్రం ఆ అద్దం ఇప్పుడిప్పుడే తీసినట్టుండేది. పళ్ళు తనే తోమేది, లేకపోతే పేస్టు మింగేస్తుందని. తల తనే దువ్వేది, దువ్వెన కంట్లో పొడుచుకుంటుందని. అన్నం తనే పెట్టేది, పొలమారుతుందని. స్నానాల గదికి గడియే లేకుండా పీకించేసింది. పొద్దున్నే పిట్ట సగం నిద్రలో చేతులు రెండూ చాపి బట్టల కొట్టు బొమ్మలా నిలబడేది. తల్లి చొక్కా తొడిగి, ఏడు గుండీలూ ఏడు క్షణాల్లో పెట్టేసేది.

"ఏమే, రేపు దానికి పెళ్ళయ్యాక కూడా టిఫిన్ క్యారియర్ పట్టుకెళ్ళినట్టు పొద్దున్నే వెళ్ళి గుండీలు పెట్టొస్తావా?" అనేవాడు భర్త. లిఫ్టులు బాగుచేసే మనిషి, దేన్నీ తొందరగా పట్టించుకునేవాడు కాదు.

"మీకేం, నవ్వుతారు. ఏదైనా అయితే తెలుస్తుంది."

"ఏమవుతుందే, గుండీ పెట్టుకుంటే?"

దానికి ఆవిడ దగ్గర జవాబు లేక కాదు. చాలా జవాబులున్నాయి. ఏది చెప్పినా నవ్వుతాడని చెప్పలేదు.

వేసవి సెలవులకి ఇంకా మూడు నెలలుందనగా బడిలో తల్లిదండ్రుల్ని పిలిచారు. టీచరమ్మ తలా ఒక పెద్ద కాగితం ఇచ్చింది. అందులో పన్నెండు బొమ్మలు: పళ్ళు తోముకునే పాప, చెప్పులు వేసుకునే పాప, గుండీలు పెట్టుకునే పాప, ఇంకా అలాంటివి. పిల్ల ఏ పని తనంతట తను చేసుకుంటే ఆ బొమ్మకి తనే రంగు వేసుకోవాలి.

"వచ్చే ఏడు ఒకటో తరగతికి వెళ్తారు. అక్కడ ఆయా ఉండదు. అందుకని ఇప్పట్నుంచే మెల్లిగా అలవాటు చేద్దాం," అంది టీచరమ్మ. "రాని పనుల్ని ఖాళీగా వదిలేయండి. ఏం పర్లేదు. ఏది రాదో తెలిస్తే మేం ఇక్కడ నేర్పుతాం."

కాజాలావిడ చెవిలో 'ఒకటో తరగతి', 'ఆయా ఉండదు' అన్న రెండు ముక్కలే పడ్డాయి. మిగతా మాటలు గాల్లో కలిసిపోయాయి. కాగితం ఖాళీగా వెళ్తే పిల్లని ఉన్న తరగతిలోనే ఉంచేస్తారు. తనకంటే చిన్నపిల్లల మధ్య కూర్చోబెడతారు. ఏడో నెల పిల్ల కదా, అందుకే మందం అంటారు. ఇంటికొచ్చేసరికి పిట్ట చదువు మానేసి, ఎక్కడో ఎవరింట్లోనో అంట్లు తోముతున్నట్టు కళ్ళకి కట్టేసింది.

మర్నాడు పొద్దున్న ప్రయత్నం చెయ్యకపోలేదు. చొక్కా చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది. పిట్టకి అదో ఆటలా అనిపించింది. నాలుక బయటపెట్టి, కళ్ళు దగ్గరకి చేర్చి, గుండీని కాజా దాకా తెచ్చింది. జారిపోయింది. మళ్ళీ తెచ్చింది. సగం దూరి, వెనక్కొచ్చేసింది. పిల్ల నవ్వింది. తల్లికి మాత్రం చేతుల్లో చీమలు పాకుతున్నట్టుంది. గడియారం చూసింది. పిల్ల వేళ్ళు చూసింది. బడి గంట కొట్టేసినట్టు, గేటు మూసేసినట్టు అనిపించింది.

"ఇటు తే. ఇవాళ్టికి నేను పెడతాను."

"వచ్చేస్తోందమ్మా!"

"రేపు పెట్టుకుందువుగాని."

ఆ రేపు రాలేదు. రెండు వారాలు పోయాయి. కాగితం ఇవ్వాల్సిన ముందురోజు సాయంత్రం, పిట్ట వీధిలో ఆడుకుంటుంటే, ఆవిడ రంగుపెన్సిళ్ళు తీసింది. ఒక బొమ్మకి వేసి చూసుకుంది. గీత దాటకుండా చక్కగా వచ్చింది. పెద్దవాళ్ళ చెయ్యని ఇట్టే తెలిసిపోతుంది. చెరిపేసింది. పెన్సిలు ఎడమ చేతిలోకి మార్చుకుంది. ఈసారి రంగు గీతలు దాటి, వంకరటింకరగా, అచ్చం చిన్నపిల్ల వేసినట్టే వచ్చింది. పన్నెండు బొమ్మలూ నింపింది. చివరి బొమ్మ దగ్గర భర్త వచ్చాడు.

"ఏంటే, నువ్వు కూడా బళ్ళో చేరావా?"

"పిట్టకి రంగు వెయ్యడం కాస్త మిగిలిపోయిందిట, నింపమంది," అంది కాగితం మడిచేస్తూ. ముఖం వేడెక్కింది. ఆయన చూడలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. బడిలో శుక్రవారం శుక్రవారం పిల్లలు ఆటల బట్టలు వేసుకుని, ఆటయ్యాక మళ్ళీ చొక్కాలు మార్చుకోవాలని కబురొచ్చింది. ఎవరూ సాయం చెయ్యరట. కాజాలావిడకి మూడు రోజులు ముద్ద దిగలేదు. నాలుగో రోజు కొట్టులో భోజనాల వేళ, మాస్టారు అటు తిరిగి కునుకు తీస్తుంటే, సంచిలోంచి పిట్ట చొక్కా తీసింది. కాజాలు ఒక్కొక్కటీ కనపడకుండా మూసి కుట్టేసింది. గుండీలు తీసి ఆ మూసిన కాజాల మీదే, పైకి పెట్టినట్టు కనపడేలా కుట్టింది. లోపలివైపు టిచ్ బటన్లు వేసింది. నొక్కితే అతుక్కుంటాయి, లాగితే ఊడిపోతాయి. మూడు నెలల పిల్లలకి కుట్టే కుట్టు అది. బయట నుంచి చూస్తే బ్రహ్మకి కూడా తెలియదు.

మాస్టారు లేచి, కళ్ళజోడు సర్దుకుని చొక్కా ఎత్తి చూశాడు.

"ఇదేం కుట్టు? కాజా లేదు, గుండీ ఉంది. ఎవరిదమ్మా ఈ బేరం?"

"ఒకావిడ అడిగింది మాస్టారూ."

"ఎవరిని మోసం చెయ్యడానికట?" అన్నాడు నవ్వుతూ. ఆవిడ సూది వేలికి గుచ్చుకుంది. దొంగకి తేలు కుట్టినట్టు నోరెత్తలేదు.

ఇంటికొచ్చి పిట్టకి చూపించింది. నొక్కితే టిక్కుమంది. పిట్టకి భలే నచ్చింది.

"మరి గుండీలో?"

"ఇవీ గుండీలే. కానీ ఎవరికీ చెప్పకు. టీచరుకి కూడా. చెప్తే నిన్ను చిన్నపిల్లల తరగతిలో కూర్చోబెడతారు. తెలిసిందా?"

పిట్ట నవ్వు ఆపి, పెద్దమనిషిలా తలూపింది.

ఆ శుక్రవారం అందరికంటే ముందు చొక్కా మార్చుకున్నది పిట్టే. ఆ పై శుక్రవారమూ అంతే. టీచరమ్మ మురిసిపోయింది. పిట్ట రంగులు వేసిందనుకున్న కాగితాన్ని గోడకి అంటించింది. పిట్ట గుండెకి ఎర్రరంగు అట్టముక్క తగిలించి, 'చిన్న టీచరు' అంది.

మర్నాటి నుంచి గేటు దగ్గర తల్లులు కాజాలావిడని వదిలితే ఒట్టు. అందరికంటే ఎక్కువగా బేకరీ ఆవిడ. ఆవిడ కూతురు కూడా పిట్ట తరగతే. మూడు గంటలకి లేచి రొట్టెలు కాల్చే మనిషి, ఎప్పుడు చూసినా మోచేతుల దాకా పిండి.

"ఏం మంత్రం వేశారండీ? మాదానికి వారం నుంచి చెప్తున్నా, ఒక్క గుండీ దూరదు. మీరెలా నేర్పారు?"

తెలీదు అనొచ్చు. అదంతా అబద్ధం అనొచ్చు. కానీ అందరూ అలా కళ్ళప్పగించి చూస్తుంటే ఆవిడ నోట్లోంచి ఆ మాటలు రాలేదు. వేరేవి వచ్చాయి.

"ఓపిక ఉండాలండీ. మనం తొందరపడకూడదు. పక్కన కూర్చుని చూస్తూ ఉండాలంతే."

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. తన గొంతు తనకే పరాయిదిలా వినిపించింది. ఇంటికెళ్ళాక ముఖం రెండుసార్లు కడుక్కుంది.

వారం తిరక్కుండానే అదే గేటు దగ్గర ఇంకో సంగతి చూసింది. బేకరీ ఆవిడ కూతురి చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. తల్లి పిల్ల భుజం పట్టి ఊపింది.

"ఆ పిట్టని చూసి సిగ్గు తెచ్చుకోవే! ఏడో నెలలో పుట్టిన పిల్ల! దానికొస్తే నీకెందుకు రాదు?"

టపీమని వీపు మీద ఒకటి వేసింది. పిల్ల ఏడవలేదు. తలొంచుకుని గుండీల వంక చూసుకుంది. కాజాలావిడ ఒక అడుగు ముందుకేసింది. రెండో అడుగు పడలేదు. పిట్ట చెయ్యి పట్టుకుని, ఎవరో పిలుస్తున్నా వినపడనట్టు గబగబా నడిచి వీధి మలుపు తిరిగింది. ఆ రోజు కుట్టిన కాజాల్లో నాలుగు విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది.

ఆ తర్వాతి బుధవారం మధ్యాహ్నం కొట్టులో ఫోను మోగింది. మాస్టారు తీసి, ముఖం మార్చి, ఆవిడకిచ్చాడు.

"కంగారు పడకండి," అంది టీచరమ్మ. ఆ మాట వినగానే ఆవిడ పడగలిగినంత కంగారూ పడింది. "పిట్ట బాత్రూంలోకి వెళ్ళి గడియ వేసుకుంది. బయటికి రావట్లేదు. ఒక్కసారి రండి."

ఎలా వెళ్ళిందో ఆవిడకి తెలీదు. సూది, దారం జాకెట్టుకి గుచ్చుకునే ఉన్నాయి. దారి పొడుగునా నేల మీద నీళ్ళూ, జారిన కాలూ, పగిలిన తలా కనిపిస్తూనే ఉన్నాయి. బడి విడిచే వేళ కావడంతో వరండాలో నలుగురైదుగురు తల్లులున్నారు. బాత్రూం తలుపు దగ్గర టీచరమ్మ, బేకరీ ఆవిడ నిలబడ్డారు.

"బొమ్మలు వేస్తుంటే రంగునీళ్ళ గిన్నె తన మీద పడింది," అంది టీచరమ్మ. "చొక్కా తడిసిపోతే బీరువాలోంచి వేరేది ఇచ్చాను. మార్చుకుంటానని లోపలికెళ్ళింది. గంటయింది."

వేరే చొక్కా. దానికి నిజం కాజాలు, నిజం గుండీలు ఉంటాయి.

"పిట్టా! అమ్మనొచ్చాను. తలుపు తియ్యమ్మా."

ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ప్రాణం లేచొచ్చింది.

"తియ్యను."

"ఎందుకు తల్లీ?"

"చొక్కా తెరుచుకుపోయింది. నొక్కుతుంటే అతుక్కోవట్లేదు."

"నొక్కడమేంటి?" అంది బేకరీ ఆవిడ.

"అమ్మా, అక్కడ టీచరుందా?"

"ఉన్నారు."

"అయితే నేను మాట్లాడను. నువ్వే కదా చెప్పొద్దన్నావ్."

వరండాలో అప్పటిదాకా వినిపించిన గుసగుసలు ఆగిపోయాయి. కాజాలావిడ తలుపుకి నుదురు ఆనించింది. భూమి చీలితే బాగుండునంటారు. అది మాటవరసకి అనేదని అప్పటిదాకా అనుకుంది. చీలలేదు. వెనక నలుగురి చూపులు వీపుకి సూదుల్లా తగులుతున్నాయి. లోపల ఐదున్నరేళ్ళ పిల్ల, తల్లి పరువు తన చొక్కాలో మూసిపెట్టుకుని, గంట నుంచి నిలబడి ఉంది.

"చెప్పెయ్యొచ్చమ్మా," అంది.  టీచరమ్మ వైపు తిరిగింది. "నేనే చెప్తాను. టీచరుగారూ, దాని చొక్కాకి గుండీలు లేవు. ఉన్నవి ఉత్తివి. లోపల టిచ్ బటన్లు కుట్టాను. ఆ కాగితానికి రంగులు కూడా నేనే వేశాను. దానికి ఒక్కటీ రాదు. నేను రానివ్వలేదు."

మళ్ళీ తలుపు వైపు తిరిగింది.

"విన్నావా పిట్టా? చెప్పేశాను. ఇంక నువ్వు దాచక్కర్లేదు. తలుపు తియ్యి."

లోపల గడియ టకటకమంది. మళ్ళీ టకటకమంది.

"రావట్లేదు!" పిట్ట ఈసారి నిజంగా భయపడింది. "అమ్మా, రావట్లేదు! నువ్వు తియ్యి!"

ఆవిడ రెండు చేతులూ తలుపు మీద వేసి నెట్టింది. కొట్టింది. "ఎవరైనా వడ్రంగిని పిలవండి! పగలగొట్టండి!" అని అరిచింది. టీచరమ్మ భుజం పట్టుకుని ఆపింది.

"మీరరిస్తే తనూ అరుస్తుంది. ఆ గడియ కాస్త బిగుతు, అంతే. పిల్లలంతా తీస్తారు. పిడి పైకి తిప్పి, వెనక్కి లాగాలి. చెప్పండి, చేస్తుంది."

కాజాలావిడ తలుపు కొట్టడం ఆపింది. రోజుకి ఎనభై కాజాలు కుట్టే ఆ చేతులు తలుపుకి ఇవతల గాల్లో ఊరికే వేలాడుతున్నాయి.

"పిట్టా, గడియకి ఒక పిడి ఉంటుంది చూడు. కిందికి వేలాడుతోందా?"

"ఊఁ."

"దాన్ని పట్టుకుని పైకి తిప్పు. లాగకు. తిప్పడమే."

"తిప్పాను. పడిపోతోంది."

"పడనీ. మళ్ళీ తిప్పు. ఒక చేత్తో పట్టుకుని... ఇంకో చేత్తో తలుపుని గట్టిగా నొక్కు." నోటిదాకా వచ్చిన 'జాగ్రత్త' అన్న మాటని మింగేసింది. "ఇప్పుడు వెనక్కి లాగు."

చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఇనుము గీరుకున్న చప్పుడు. తలుపు బెత్తెడు తెరుచుకుంది.

పిట్ట ముఖమంతా నీలిరంగు చారలు, కన్నీటి చారలు. తన ఒంటికి పెద్దదైన తెల్లచొక్కా ముందంతా తెరుచుకుని, లోపలి బనీను కనిపిస్తోంది. తల్లి చేతులు వాటంతటవే గుండీల మీదకి వెళ్ళాయి. పిట్ట రెండడుగులు వెనక్కి వేసి, చొక్కా అంచులు గుప్పిళ్ళతో దగ్గరకి పట్టుకుంది. తల్లి చేతులు దారిలోనే ఆగిపోయాయి.

"ఖాళీగా వదిలేయమన్నాను కదండీ," అంది టీచరమ్మ. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది. "నేర్పేవాళ్ళం కదా."

బేకరీ ఆవిడ కూతుర్ని దగ్గరకి లాక్కుంది. పిండి అంటిన చేతిని ఒకసారి చూసుకుంది.

"ఓపిక ఉండాలన్నారు," అంది. "పక్కన కూర్చుని చూడాలన్నారు. మీ మాట నమ్మి, పిట్టతో పోల్చే దీన్ని కొట్టానండీ నేను. ఒక రోజు కాదు."

"తప్పయిపోయింది, వదినా."

"వదినా గిదినా వద్దు," అంది ఆవిడ. పిల్ల చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేసి, ఆగి, కూతురి వీపు మీద నెమ్మదిగా రాసింది. వెనక్కి మాత్రం చూడలేదు.

గోడ మీది కాగితాన్ని కాజాలావిడే ఊడదీసింది. అంటించిన చోట్ల చిరిగింది. ఏం చెయ్యాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడితే, టీచరమ్మ సొరుగులోంచి కొత్తది తీసి ఇచ్చింది. ఆవిడ తలెత్తకుండానే పుచ్చుకుంది. తడిసిన చొక్కాకున్న ఎర్ర అట్టముక్కని ఎవరూ అడగలేదు. పిట్టే తీసి బల్ల మీద పెట్టేసింది.

బయటికొచ్చారు. వీధిలో గాలి తోలుతోంది. పిట్ట ఒక చేత్తో చొక్కా పట్టుకుని, రెండో చెయ్యి తల్లికివ్వకుండా నడుస్తోంది. బట్టల ఇస్త్రీ కొట్టు దాటారు, సైకిళ్ళ కొట్టు దాటారు. ఆవిడ మనసు అప్పుడే కొట్టుకుపోతోంది. ఈ మాట మాస్టారికి చేరుతుంది, భర్తకి చేరుతుంది, రేపు గేటు దగ్గర ఎవరూ పలకరించరు. ఇన్నాళ్ళూ ఆవిడ పడ్డ భయాలన్నీ ఇంకా జరగనివి. ఇది జరిగిపోయింది, అదీ తన చేతులమీదుగానే.

"అమ్మా," అంది పిట్ట. "నాకు రాదని నీకు ముందే తెలుసా?"

'లేదు నాన్నా, నీకు అన్నీ వచ్చు' అనే మాట నాలుక చివరే ఉంది. అలాంటి మాటలు ఆవిడకి ఇట్టే దొరుకుతాయి. 

"తెలీదమ్మా. నేను చూడలేదు. చూసేదాకా ఆగలేదు."

పిట్ట ఆలోచించింది.

"అయితే ఇప్పుడు చూడు."

పేవ్‌మెంటు మధ్యలో ఆగిపోయింది. నాలుక బయటపెట్టింది. గుండీ పట్టుకుంది. జారిపోయింది. జనం ఇటూ అటూ తప్పుకుని వెళ్తున్నారు. ఒకాయన సంచి తగిలి పిట్ట తూలింది, నిలదొక్కుకుని మళ్ళీ గుండీ వెతుక్కుంది. తల్లి తన చేతులు రెండూ ఆ కొత్త కాగితం చుట్టూ గట్టిగా చుట్టుకుంది. గాలికి చొక్కా ఎగురుతోంది. జలుబు చేస్తుంది, అది దగ్గవుతుంది, ఆ దగ్గు... అక్కడితో ఆపింది.

కూరగాయల సంచితో పోతున్న ఒక పెద్దావిడ ఆగి, ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

"ఏమ్మా, అలా గుడ్లప్పగించి చూస్తున్నావ్? ఈదురుగాలి కొడుతోంది, పసిదానికి ఆ గుండీలేవో పెట్టకూడదూ? ఏం తల్లివమ్మా నువ్వు?"

కాజాలావిడ ముఖం ఎర్రబడింది. తలొంచుకుంది.

"పెట్టుకుంటుందండీ," అంది.

పిట్ట ఇంకా మొదటి గుండీ దగ్గరే ఉంది.